కొయ్యపీపాలో బీరు రుచి ఏల మారును?

ఒక వస్తువును నిలువ చేయుటకు పాత్రను ఎన్నుకొనునప్పుడు మనము సామాన్యముగా కోరునది ఒక్కటే: ఆ పాత్ర తన గుణమును దేనిని లోపలి వస్తువునకు అంటింపరాదు. ఆవకాయను జాడీలో పెట్టుటకు కారణమిదియే. జాడీ లోపలి గాజువంటి పూత ఉప్పునకు గాని, పులుపునకు గాని, నూనెకు గాని లొంగదు. అదే ఆవకాయను కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఉంచినచో కొద్ది దినములలోనే చిలుమెక్కి పాడగును. అయితే పాత్ర తన గుణమును లోపలి వస్తువునకు ఇచ్చుటయే మేలని తలచి, అట్టి పాత్రను కోరి తెచ్చుకొను పరిశ్రమ యొకటి కలదు. అమెరికా, బెల్జియం మున్నగు దేశములలో కొన్ని రకముల బీరును ఓక్ కొయ్యతో చేసిన పీపాలలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేండ్ల వరకు, నిలువ చేయుదురు. పీపాలో పోసినప్పటి రుచి వేరు, తీసినప్పటి రుచి వేరు. ఈ మార్పు ఎట్లు జరుగును, అది ఎప్పుడు మేలగును, ఎప్పుడు కీడగును అను విషయమును ఇచట విచారింతము.

ఆల్కహాలు ఆరోగ్యమునకు హానికరమనియు, కాన్సరును కలిగించు పదార్థములలో ఒకటనియు వైద్యశాస్త్రము నిర్ధారించినది. ఆ పానీయమును మెచ్చుకొనుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. కాని కొయ్య, ద్రవము, గాలి, సూక్ష్మజీవి అను నాలుగును ఒకచోట కూడినప్పుడు జరుగు మార్పులకు ఇది చక్కని ఉదాహరణము. తరగతిలో మనము వేర్వేరుగా చెప్పుకొను ద్రావణీయత, ఆక్సీకరణము, ఎస్టరుల ఉత్పత్తి, ఉపరితలమునకును ఘనపరిమాణమునకును గల సంబంధము ఇవి యన్నియు ఒక్క పీపాలో కానవచ్చును.

పీపా పూర్వకథ

కొయ్యపలకలను చేర్చి పట్టీలతో బిగించిన పాత్రలలో ద్రాక్షమద్యమును నిలువ చేయు ఆచారము ఆల్ప్సు పర్వతప్రాంతమున కలదని క్రీస్తుశకము 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ వ్రాసి యున్నాడు. దొర్లించుటకు సులభమగుటచేతను, మట్టికుండవలె పగులకుండుట చేతను పీపా ఐరోపాయందంతట వాడుకలోనికి వచ్చెను. 18వ శతాబ్దమున లండను నగరములో పోర్టరు అను నల్లని బీరును, రుచి కుదురుకొనుటకై, పెద్ద పెద్ద కొయ్యతొట్లలో నెలల తరబడి ఉంచెడివారు. ఆ తొట్లు ఎంత పెద్దవో 1814 అక్టోబరు 17వ తేదీన జరిగిన దుర్ఘటన వలన తెలియును. ఆనాడు హార్స్ షూ అను కర్మాగారములో 22 అడుగుల ఎత్తు గల తొట్టి యొకటి, ఇనుపపట్టీ ఊడిన కొంతసేపటికి, బ్రద్దలయ్యెను. వెల్లువెత్తిన బీరు చుట్టుపట్ల నున్న పేదల ఇండ్లపై పడి 8 మంది మరణించిరి.

20వ శతాబ్దమున తుప్పుపట్టని ఉక్కు వచ్చిన పిమ్మట కొయ్యపీపా వెనుకబడెను. ఉక్కుపాత్రను వేడినీటితోను, మందులతోను పూర్తిగా శుభ్రము చేయవచ్చును. అది రుచిని మార్చదు, గాలిని చొరనీయదు. బెల్జియం దేశములోని రూసెలారె పట్టణమున గల రోడెన్‌బాక్ వంటి కొన్ని పాత కర్మాగారములు మాత్రమే తమ కొయ్యతొట్లను విడువక నిలుపుకొన్నవి.

కొయ్యకు తిరిగి మంచిరోజులు వచ్చినది అమెరికాలో. 1990 దశకమున చికాగో నగరములోని గూస్ ఐలండు అను సంస్థలో బీరు తయారు చేయు గ్రెగ్ హాల్ అను నతడు, విస్కీ తీసివేసిన ఖాళీ పీపాలను తెప్పించి, వానిలో మిక్కిలి ఘాటైన నల్లని స్టౌటు బీరును నింపి నిలువ చేసెను. బూర్బన్ కౌంటీ స్టౌటు అని దానికి పేరు. సామాన్యమైన బీరులో ఆల్కహాలు నూటికి 5 పాళ్ళ ప్రాంతమున నుండగా, దీనిలో 13 పాళ్ళకు పైగా ఉండును. పిదప అనేక చిన్న కర్మాగారములు ఆ మార్గమునే అనుసరించినవి.

ఖాళీ పీపాలు విరివిగా దొరకుటకు ఒక కారణము కలదు. అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారము బూర్బన్ విస్కీని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలువ చేయవలెను. ఒకసారి వాడిన పీపా ఆ పనికి తిరిగి పనికిరాదు. ఒక్కొక్కటి సుమారు 200 లీటర్లు పట్టు ఆ పీపాలు పనికిరానివైనను పాడైపోయినవి కావు. విస్కీవారు విడిచినది బీరువారికి ముడిసరకయ్యెను.

ఓక్ కొయ్యయే ఎందుకు?

ప్రతి కొయ్యలోను నీటిని వేరునుండి ఆకునకు చేర్చు సన్నని గొట్టములు ఉండును. ఆ గొట్టములు తెరచి యున్నచో పీపా కారిపోవును. అమెరికాలో పెరుగు తెల్ల ఓక్ మానులో, లోపలి చేవ ఏర్పడునప్పుడు, ప్రక్కనున్న కణములు ఉబ్బి బుడగలవలె ఈ గొట్టములలోనికి చొచ్చుకొని వచ్చి వానిని మూసివేయును. వృక్షశాస్త్రములో వీనిని టైలోసులు అందురు. ఎర్ర ఓక్ మానులో ఇట్టి మూతలు చాల తక్కువ. ఎర్ర ఓక్ ముక్క ఒక కొనను సబ్బునీటిలో ముంచి రెండవ కొన నుండి ఊదినచో బుడగలు వచ్చును. తెల్ల ఓక్ ముక్కతో ఇట్లు చేయ సాధ్యము కాదు. కావుననే పీపాలకు తెల్ల ఓక్‌ను ఎన్నుకొందురు.

అయినను ఈ గోడ గాజువలె పూర్తిగా మూసుకొని యుండదు. ద్రవమును కారనీయకయే గాలిని మిక్కిలి మెల్లగా లోనికి రానిచ్చును. తరువాత చెప్పబోవు సగము కథకు ఈ గుణమే ఆధారము.

కాల్చిన కొయ్య ఇచ్చు రుచులు

కొయ్యలో ముఖ్యముగా మూడు పదార్థములు కలవు. మొదటిది సెల్యులోజు, ఇది కొయ్యకు ఎముకల గూడు వంటిది, రుచికి పెద్దగా తోడ్పడదు. రెండవది హెమిసెల్యులోజు. మూడవది, కణములను అతికించి యుంచు లిగ్నిను. వీనికి తోడు టానినులు, నూనెవంటి కొన్ని పదార్థములు స్వల్పముగా ఉండును.

పచ్చికొయ్యతో పీపాను చేసి బీరు పోసినచో రంపపుపొట్టు వాసన తప్ప ఏమియు రాదు. రుచులను పుట్టించునది అగ్ని. పీపా లోపల మంట పెట్టి గోడలను బొగ్గగునట్లు కాల్చుదురు. బొగ్గుపొరకు వెనుక నున్న కొయ్య పూర్తిగా కాలక, వేడికి మాత్రము మార్పు చెందును. అచట హెమిసెల్యులోజు విరిగి చక్కెరలుగా మారి, ఆ చక్కెరలు మాడుటచే బెల్లపుపాకము వంటి రుచియు, బాదము వంటి వాసన గల ఫర్‌ఫురాలును పుట్టును. లిగ్నిను విరుగుటచే వెనిలిను పుట్టును. వెనిలా ఐస్‌క్రీములో మనకు తెలిసిన పరిమళము దీనిదే. పొగవాసన నిచ్చు గ్వయకాలు కూడ లిగ్నిను సంతానమే. ఓక్ కొయ్యలో నుండు యూజినాలు అను పదార్థమునకు లవంగపు వాసన కలదు. లవంగనూనెలో ముఖ్యభాగము ఇదియే. ఓక్ లాక్టోను అను మరియొక పదార్థము కొబ్బరి వాసన నిచ్చును. ఇది ఐరోపా ఓక్ కంటె అమెరికా తెల్ల ఓక్‌లో ఎక్కువ.

వగరు నిచ్చునవి టానినులు. వక్క నమలినప్పుడు నాలుక పట్టినట్లగుట మనమెరిగినదే. లాలాజలములోని ప్రొటీనులతో టానినులు కలసి ముద్దకట్టుటచే నోటిలో జారుడుతనము పోయి ఈ అనుభవము కలుగును. ఓక్‌లోని టానినులును, మన కరక్కాయలోని టానినులును రసాయనరీత్యా ఒకే తెగకు చెందినవి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు బట్టను మొదట కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో ముంచుట ఈ టానినుల కొరకే.

బీరు వీనిని గ్రహించు విధము

వెనిలిను, లాక్టోను మొదలగునవి నీటిలో కంటె ఆల్కహాలులో సులభముగా కరగును. నూటికి 5 పాళ్ళ బీరు వీనిని మెల్లగా తీసికొనును. 12, 13 పాళ్ళ బీరు మరింతగా తీసికొనును. పీపాకు ఘాటైన బీరును ఎన్నుకొనుటకు ఇది యొక కారణము. చాలిన బలము, తీపి, మాడ్చిన బార్లీ రుచి గల బీరు మాత్రమే కొయ్యరుచికి ఎదురు నిలువగలదు. పలుచని బీరులో కొయ్య తప్ప మరేమియు తెలియదు.

విస్కీ పీపా గోడలలో కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు విస్కీ ఇంకి యుండును. బీరు పోసినపుడు అది వ్యాపనము వలన బీరులోనికి వచ్చును. 12 పాళ్ళ ఆల్కహాలు గల 200 లీటర్ల బీరులోనికి 60 పాళ్ళ విస్కీ 4 లీటర్లు వచ్చి చేరినదనుకొందము. బీరులో మొదట 24 లీటర్ల ఆల్కహాలు కలదు. విస్కీతో వచ్చినది 2.4 లీటర్లు, మొత్తము 204 లీటర్లలో 26.4 లీటర్లు. అనగా నూటికి 12.9 పాళ్ళు. కొత్తగా కిణ్వనమేమియు జరుగకయే ఘాటు ఇంచుమించు ఒక పాలు పెరిగినది.

చలి, వేడిమి కూడ ఇచట పనిచేయును. చికాగోలో వేసవి ఉక్క, శీతకాలపు మంచు రెండును అధికమే. వేడికి బీరు వ్యాకోచించి గోడలలోనికి చొచ్చుకొనిపోవును. చలికి సంకోచించి, కొయ్యలోని సారమును వెంటబెట్టుకొని వెనుకకు వచ్చును. ఋతువులు మారిన కొలది ఇది మెల్లగా ఊపిరి తీసినట్లు జరుగుచుండును. ఇంతలో కొంత నీరు, కొంత ఆల్కహాలు గోడగుండా ఆవిరియై పోవును. ఈ నష్టమును పాశ్చాత్యులు ‘దేవతల వాటా’ అని హాస్యముగా అందురు.

గాలి చేయు పని

బీరునకు ఆమ్లజని, అనగా ఆక్సిజను, శత్రువని పేరు. లేత రంగు బీరు పాతబడినప్పుడు నోనినాలు అను పదార్థము వలన తడిసిన అట్టముక్క వాసన వచ్చును. లీటరులో ఒక మైక్రోగ్రాములో పదవవంతు ఉన్నను నాలుక దానిని కనిపెట్టగలదు. మరి పీపాలోని బీరు ఏల పాడుకాదు?

దీనికి రెండు కారణములు కలవు. మొదటిది, పీపా గోడ గుండా ఏడాదిలో వచ్చు ఆమ్లజని లీటరుకు పదుల మిల్లీగ్రాములలోనే యుండును. అదియు ఒక్కసారిగా కాక రోజురోజునకు కొద్దికొద్దిగా వచ్చును. రెండవది, నల్లని బీరులో మాడ్చిన బార్లీనుండి వచ్చిన పదార్థములును, కొయ్యనుండి వచ్చిన టానినులును ఆ ఆమ్లజనిని ముందుగా తామే గ్రహించును. ఇట్టి మందమైన ఆక్సీకరణము వలన హాప్ పువ్వుల చేదు తగ్గును, వగరు మెత్తబడును, ఎండుద్రాక్ష, ఖర్జూరము వంటి రుచులు తోచును.

ఆమ్లజని ఎక్కువైనచో కథ మారును. ఎసిటోబాక్టరు అను బాక్టీరియా గాలి సహాయముతో ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా మార్చును. వెనిగరులోని పులుపు ఇదియే. ఎసిటిక్ ఆమ్లము ఆల్కహాలుతో కలసి ఇథైల్ ఎసిటేటు అను ఎస్టరును, నీటిని ఇచ్చును. ఈ ఎస్టరు స్వల్పముగా నున్నచో పండ్ల వాసన. అధికమైనచో గోళ్ళరంగు వాసన. పదార్థమొక్కటే, పరిమాణమే భేదము. రుచిశాస్త్రములో ఇది ముఖ్యమైన సూత్రము.

చిన్న పీపా, పెద్ద పీపా

కొయ్యసారము గాని, గాలి గాని బీరునకు అందునది గోడనుండియే. కావున ఒక్కొక్క లీటరు బీరునకు ఎంత గోడ తగులుచున్నది అనునది ముఖ్యము. ఒకే ఆకారము గల రెండు పీపాలలో చిన్నదాని పొడవు, వెడల్పు పెద్దదానిలో సగమైనచో, దాని ఘనపరిమాణము ఎనిమిదవ వంతు. ఉపరితలము నాలుగవ వంతు. అనగా 200 లీటర్ల పీపాకు బదులు 25 లీటర్ల పీపాను వాడినచో లీటరుకు తగులు గోడ రెండింతలగును. అట్లే 12,800 లీటర్ల తొట్టి 200 లీటర్ల పీపాకు 64 రెట్లు. దానిలో లీటరుకు తగులు గోడ నాలుగవ వంతే.

రోడెన్‌బాక్‌లో బీరు రెండేండ్లు కొయ్యలో నున్నను కొయ్యరుచి మించకుండుటకు ఇది యొక కారణము. అచటి తొట్లు దాదాపు 300. అవి పెద్దవి, అనేక సంవత్సరములుగా వాడినవి. వాని సారము ఎన్నడో ఇంకిపోయినది. చిన్న పీపాలో తొందరగా రుచి వచ్చునని ఆశపడినవారికి సారము ముందుగా వచ్చి, గాలి చేయవలసిన మెత్తదనము వెనుకబడును. బీరు కొయ్యకషాయమువలె తోచును. కొయ్యముక్కలను ఉక్కుతొట్టిలో వేసి నానబెట్టు పద్ధతియు కలదు. అందు వెనిలా, కొబ్బరి వాసనలు త్వరగానే వచ్చును గాని, గోడగుండా ఆమ్లజని వచ్చుట యుండదు. సారము దిగుట వారములలోను, ఆక్సీకరణము నెలలలోను జరుగు పనులు. ఒకదానిని వేగిరపరచినంత మాత్రమున రెండవది దాని వెంట రాదు.

కొయ్యలో కాపురమున్న జీవులు

మన తాటికల్లు కుండల సంగతి చూడుడు. పాతకుండ లోపలి రంధ్రములలో ఈస్టు నిలిచియుండి, తాజా రసమును గంటలలో పులియజేయును. పులియని నీరా కావలెనన్నచో కుండ లోపల సున్నము పూయుదురు. కొయ్యపీపాయు అట్టిదే. ఎంత కడిగినను దాని రంధ్రములలో కొన్ని జీవులు మిగులును.

1904వ సంవత్సరమున డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ కర్మాగారమునకు చెందిన క్లౌసెన్ అను శాస్త్రజ్ఞుడు, ఇంగ్లండులోని నిలువబీరుల ప్రత్యేకమైన వాసనకు ఒక విధమైన ఈస్టు కారణమని తెలిపెను. దానికి బ్రెట్టనోమైసిస్, అనగా బ్రిటిషు శిలీంధ్రము, అను పేరు పెట్టెను. సామాన్యపు ఈస్టు తినలేని చక్కెరలను సైతము ఇది మెల్లగా తినగలదు. తోలు, గుఱ్ఱపుసాల వంటి వాసనలను పుట్టించును. దీనితోపాటు లాక్టిక్ ఆమ్లమును పుట్టించు బాక్టీరియాయు కొయ్యలో చేరును. మన పెరుగును తోడుపెట్టు జీవులు వీని బంధువులే. రోడెన్‌బాక్ బీరునకు పులుపు కావలెను గనుక అచట ఇట్టి బాక్టీరియా అతిథి. చికాగో స్టౌటునకు పులుపు పనికిరాదు గనుక అచట అదే దొంగ.

ఆ దొంగ ఒకసారి పట్టుబడెను. గూస్ ఐలండు సంస్థ 2015లో సీసాలలో నింపిన పీపాబీరులలో కొన్ని రకములు పులిసిపోయెను. 2016 జనవరిలో ఆ సంస్థ ఆ విషయమును ప్రకటించి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చుటకు పూనుకొనెను. పరీక్షలో దొరికిన జీవి లాక్టోబాసిల్లస్ ఎసిటోటాలరన్స్. దీనిని 1986లో జపాను శాస్త్రజ్ఞులు వెనిగరు ద్రవమునుండి వేరుచేసి వర్ణించిరి. ఎసిటిక్ ఆమ్లమును ఓర్చుకొనునది అని ఆ పేరునకు అర్థము. అంత ఘాటైన ఆల్కహాలులో ఏ జీవియు బ్రతుకదను నమ్మకము ఇట్లు చెదరెను. ఆ మీదట ఆ సంస్థ బీరును కొద్ది సెకండ్లపాటు వేడిచేసి సీసాలలో నింపు పద్ధతిని చేపట్టెను. బీరు చెడిపోవుటకు సూక్ష్మజీవులే కారణమని 1876లో తన గ్రంథమున వివరించిన లూయీ పాశ్చరు పేరుమీదనే ఈ పద్ధతి ప్రసిద్ధమైనది. పీపా ఇచ్చిన రుచిని నిలుపుకొనుటకు, పీపా ఇచ్చిన జీవులను చంపవలసి వచ్చినది.

తరగతిలో చూపదగిన ప్రయోగము

ఈ విషయములను చూపుటకు పీపాయు, బీరును అక్కరలేదు; మన కరక్కాయ చాలును. రెండు గాజుగ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదానిలో కరక్కాయ పెచ్చు నొకదానిని యథాతథముగాను, రెండవదానిలో అంతే బరువు గల పెచ్చును దంచి పొడిగాను వేయవలెను. ఏది త్వరగా రంగెక్కునో విద్యార్థులు గంటగంటకు వ్రాసికొనవలెను. చిన్నపీపా, పెద్దపీపా భేదము దీనివలన తెలియును. ఇంకొక జతను గోరువెచ్చని నీటితోను, చల్లని నీటితోను చేసినచో ఋతువుల ప్రభావము తెలియును. పిదప ఒక గ్లాసులో తుప్పుపట్టిన ఇనుపమేకును ఒకరోజు ఉంచినచో ద్రవము నల్లబడును. టానినులు ఇనుముతో కలసి నల్లని పదార్థమగుటయే దీనికి కారణము. కలంకారీ నలుపు ఇట్లే వచ్చును. తడిసిన ఓక్ పీపాలపై ఇనుపపట్టీల ప్రక్కన కానవచ్చు నల్లని మరకలును ఇట్లే ఏర్పడును. ఈ ద్రవములను రుచి చూడరాదని విద్యార్థులకు ముందే చెప్పవలెను.

ఒకే దినమున ఒకే బీరుతో నింపిన పది పీపాలు ఏడాది గడచిన పిదప పది రుచులతో ఉండును. మాను వేరు, కాల్పు వేరు, గోదాములో పీపా ఉన్నచోటు వేరు, లోపలి జీవులు వేరు. కావున పనివారు ఒక్కొక్క పీపాను రుచి చూచి, కొన్నిటిని కలిపి, మరికొన్నిటిని పారబోసి, ఏది ఎప్పుడు తీయవలెనో నిర్ణయింతురు. సారము, గాలి, జీవి అను మూడును తమ తమ వేగముతో పనిచేయుచుండగా, మేలు కీడుగా మారకముందే ఆపుటలో వారి నేర్పు కలదు. ఆ సమయమును పీపాపై ఎవరును వ్రాసి యుంచరు. దానిని పరీక్షించియే తెలిసికొనవలెను.